మా అల్లుడి నిమిరే మెషీను

మా అల్లుడి నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూసుకోవాలి. మా అమ్మాయిని చేసుకుంటానని చెప్పడానికి మా ఇంటికి వచ్చిన రోజున కూడా ఆయనగారు మాట్లాడింది రెండు ముక్కలే. మంచినీళ్ళిస్తే తాగి "చాలండి" అన్నాడు. కూర్చోమంటే కూర్చుని, కుర్చీ కాలు కదులుతోందని కనిపెట్టి, "స్క్రూడ్రైవర్ ఉందా అండీ?" అన్నాడు. మావారు పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పిల్లనిమ్మని అడగాల్సినవాడు స్క్రూడ్రైవర్ అడగడమేమిటి! అయితే ఆ కుర్చీ ఆ తరువాత ఎన్నడూ కదల్లేదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

పనిచేసే చోట ఆయన్ని సైలెన్సర్ అని పిలుస్తారట. పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో లేతు మెషీను మీద పని. తిరుగుతున్న ఇనుప కడ్డీకి ఉలి ఆనించి, కోసి, నునుపు చేసి, చెప్పిన కొలతకు తెచ్చే పని అన్నమాట. మీసాలు రాకముందు ఆ షెడ్డులో అడుగుపెట్టినవాడు నెత్తి నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. కోసేటప్పుడు ఎగిరిపడే ఇనుప రజను నిప్పులా కాలుతుంది. అది పడీ పడీ ఆయన చేతులు మోచేతుల దాకా చుక్కలు చుక్కలుగా మచ్చలుపడ్డాయి, చర్మం మొద్దుబారింది. పొయ్యి మీది గిన్నెని బట్ట లేకుండా దించుతాడు. చూసినప్పుడల్లా నా ప్రాణం విలవిల్లాడుతుంది, ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండదు.

పెళ్ళైన కొత్తలో మా అమ్మాయి నాతో ఏదో వేళాకోళంగా, "ఆయన చెయ్యి తగిలితే ఆకురాయి తగిలినట్టేనమ్మా, బుగ్గ గీసుకుపోయింది," అంది. అరగదీసే ఆకురాయి ఎలా ఉంటుందో లేతు పనివాడికి ఒకరు చెప్పాలా! గుమ్మంలో ఉన్న మనిషి విన్నాడు. ఆ రోజు నుంచీ ఆయన చేతులు ఉంటే పనిముట్ల మీద, లేకపోతే జేబుల్లో. మా అమ్మాయి ఆ మాట ఎప్పుడో మరిచిపోయింది. ఆయన మరిచిపోలేదని నాకు అనిపిస్తూ ఉండేది, కానీ అత్తగారు కలగజేసుకునే సంగతా అది?

మావారు పోయాక నన్ను వీళ్ళింటికి తీసుకొచ్చారు. అల్లుడింట్లో ఉండటమంటే నాకు తల కొట్టేసినట్టుండేది. పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఆయన "రండి" అని కూడా అనలేదు, పెట్టె అందుకుని లోపల పెట్టాడు, అంతే. సరేలే, నా రాత అనుకున్నాను. మూడో నాడో నాలుగో నాడో స్నానాల గదిలోకి వెళ్తే గోడకి స్టీలు పిడి బిగించి ఉంది. సరిగ్గా నా చెయ్యి పడే చోట. నా ఎత్తు ఎవరు చెప్పారా అనుకున్నాను. తరువాత అర్థమైంది: రోజూ నేను గోడకి చెయ్యి ఆనించి లేచేదాన్ని, ఆ తడి చెయ్యి అచ్చు ఆయన చూశాడు. ఆ పిడి పట్టుకుని లేచిన ప్రతిసారీ మనసులో ఆయనకి దండం పెట్టుకుంటాను. పైకి చెబితే ఎక్కడ సిగ్గుపడి పారిపోతాడోనని చెప్పను.

ఇలా గడుస్తుండగా ఫ్యాక్టరీ మూతపడింది.

మా అమ్మాయికి ఆస్పత్రిలో మందుల కౌంటరులో ఉద్యోగం ఉంది కాబట్టి ఇల్లు గడవకపోవడమంటూ లేదు. కానీ చేతిలో పని లేని మా అల్లుణ్ణి చూడటం ఎవరి తరం? మొదట తలుపుల బందులన్నిటికీ నూనె వేశాడు. కుళాయిలు బాగుచేశాడు. కత్తులకి పదును పెట్టాడు, నా వేళ్ళు తెగేటంత. పక్కింటివాళ్ళ గేటు కిర్రుమంటే అడగకుండానే వెళ్ళి సరిచేశాడు. చివరికి బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు. ఒక మధ్యాహ్నం ఆయన శుభ్రంగా నడుస్తున్న గోడగడియారాన్ని దించి, విప్పి, మళ్ళీ బిగిస్తుంటే చూశాను. ఆ రోజు నాకు నిజంగా భయమేసింది.

అందుకే యూనివర్సిటీ వర్క్‌షాపులో తాత్కాలికంగా తీసుకున్నారంటే నా ప్రాణం లేచొచ్చింది. అక్కడ పరిశోధనలు చేసేవాళ్ళకి బజారులో దొరకని సామాను కావాల్సి వస్తుందట. వాళ్ళు బొమ్మ గీసిస్తే వీళ్ళు చేసిపెట్టాలి. వర్క్‌షాపు ఇన్‌ఛార్జి మొదటి రోజే తేల్చి చెప్పాడట: "ఒక మెషీను అప్పజెప్తాం. అది కుదిరితే పోస్టు మీదే. కుదరకపోతే ఏమీ అనుకోవద్దు, బయటి కంపెనీ నుంచి తెప్పించుకుంటాం, మీ దారి మీరు చూసుకోవాలి."

ఇంతకీ ఏం మెషీనది? నిమిరే మెషీను!

విన్నప్పుడు నేను నోరెళ్ళబెట్టాను. నిమరడానికి మెషీనేమిటి, మనుషులకి ఏమొచ్చింది? మా అమ్మాయి వివరంగా చెప్పింది. అక్కడ ఒక సైన్సు అమ్మాయి పరిశోధన చేస్తోంది. ఒంటరిగా బతికే పెద్దవాళ్ళకి చేతి మీద మెల్లగా నిమిరితే గుండెదడ తగ్గుతుందా, మనసు కుదుటపడుతుందా అని చూస్తుందట. మనిషి చేత నిమిరిస్తే లెక్క కుదరదు. ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా పడుతుంది, పైగా ఆ మనిషి మొహం నచ్చడం, నచ్చకపోవడం ఒకటుంటుంది. మెషీనైతే ప్రతిసారీ ఒకే వేగం, ఒకే బరువు. ఎంత వేగమో ఆ అమ్మాయి లెక్క ఇచ్చింది. బరువు సంగతి మాత్రం, "తగిలీ తగలనట్టు ఉండాలి, అది మీరే చూసి కుదర్చండి. కుదిరాక నేను తూచి రాసుకుంటాను," అందట.

మా అల్లుడు దాన్ని చేసిన తీరు చూస్తే ముచ్చటేసేది. అల్యూమినియం పీట, దాని మీద చిన్న స్తంభం, స్తంభం మీద తక్కెడ కాడలా ఒక కడ్డీ. కడ్డీకి ఒక చివర మెత్తటి కుంచె, రెండో చివర అటూ ఇటూ జరుపుకునే ఇత్తడి బరువు. బరువు వెనక్కి జరిపితే కుంచె తేలికవుతుంది, ముందుకు జరిపితే బరువుగా ఆనుతుంది. చెయ్యి పీట మీద పెట్టి మోటారు వేస్తే కుంచె దిగి, మోచేతి నుంచి మణికట్టు దాకా జరిగి, లేచి, వెనక్కి వెళ్ళి మళ్ళీ దిగుతుంది. అన్నీ నున్నగా, ఎక్కడా వేలికి గుచ్చుకోకుండా చేశాడు.

మొదటి పరీక్ష రోజున ఆ అమ్మాయి ఒక రిటైరైన పోస్టుమాస్టరుగారిని కూర్చోబెట్టింది. కుంచె ఒక్కసారి జరిగిందో లేదో ఆయన చెయ్యి లాక్కుని, "ఇది నిమరడమా అమ్మాయ్, గీకడమా?" అన్నాడట. తరువాత కూర్చున్నావిడ కూడా అదే మాట. ఇన్‌ఛార్జి మొహం మాడ్చుకున్నాడు. నెలాఖరుకి మళ్ళీ చూస్తాను, అప్పుడూ ఇలాగే ఉంటే బయట ఆర్డరు పెట్టేస్తానని చెప్పేశాడు.

తప్పు ఎక్కడ జరిగిందో ఇంటికొచ్చాక మా అమ్మాయి పట్టుకుంది. "బరువు ఎవరి చేతి మీద చూశారండీ?" అని అడిగింది.

"నా చేతి మీదే," అన్నాడాయన.

అంతే, మా ఇద్దరికీ అర్థమైపోయింది. ఆయనగారికి తగిలీ తగలనట్టుందంటే మనలాంటివాళ్ళకి తోలు లేచిపోయినట్టే. ఆయన తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. మళ్ళీ జేబుల్లో పెట్టుకున్నాడు. నాకు గోడగడియారం వైపు చూడాలంటేనే భయమేసింది.

మర్నాడు సాయంత్రం ఇన్‌ఛార్జిని అడిగి మెషీనుని డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. మా అమ్మాయికి చక్కిలిగింతలెక్కువ, కుంచె ఆనకముందే కిలకిలా నవ్వుతూ చెయ్యి లాగేసుకుంది. ఇక మిగిలింది నేను. "పరీక్ష పెద్దవాళ్ళ మీదే కదా, నువ్వే కూర్చోవాలమ్మా," అంది.

ముందుగదిలో కిటికీ దగ్గర బల్ల మీద నా చెయ్యి, దానికెదురుగా అల్లుడు. కుంచె దిగింది. పోస్టుమాస్టరుగారు అన్నదాంట్లో తప్పేమీ లేదు.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"బాగుంది బాబూ," అన్నాను.

ఇంకేమంటాను? ఆయన ఇంట్లో ఉంటున్నాను, ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఆయన చేసినదానికి వంక పెట్టే నోరా నాది? మా అమ్మాయి మీద, పాలవాడి మీద, వీధి కుక్కల మీద ఎంతైనా లేస్తుంది నా నోరు. అల్లుడి ముందు మాత్రం తేనె పూసుకుంటుంది. బరువు కొంచెం జరిపి మళ్ళీ అడిగాడు. "ఇదీ బాగుంది." మళ్ళీ జరిపాడు. "ఇది ఇంకా బాగుంది బాబూ." మర్నాడు కూడా అదే వరస. పాపం ఆయన మొహం కాస్త తేటపడింది. డబ్బాలో సర్దడానికి గుడ్డ కూడా తీశాడు.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మా అమ్మాయి నా చెయ్యి చూసింది. "అమ్మా, ఇదేంటి? మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రగా గీత పడింది!"

నేను చీర చెంగు కప్పుకోబోయాను. ఆలస్యమైపోయింది. అల్లుడు లేచి వచ్చి ఆ గీతని చూశాడు. తరువాత మాట్లాడాడు. నేనెరిగి ఆయన ఒక్క ఊపులో అంత మాట్లాడింది అప్పుడే.

"అత్తయ్యా, నేను చేసిన కూర బాగోకపోయినా బాగుందంటారు, సర్దుకుంటాను. నేను కొన్న చీర నచ్చకపోయినా కట్టుకుంటారు, అదీ తెలుసు. నా గురించి ఎన్నైనా అబద్ధాలు చెప్పండి. కానీ మెషీను గురించి చెప్పకండి. నా చేతులకి తెలియట్లేదు. మీ చెయ్యే నాకు దిక్కు."

సిగ్గుతో నా తల వాలిపోయింది. అయినా ఆ చీర సంగతి ఈయనకి ఎలా తెలిసిందా అని ఒక పక్క ఆశ్చర్యం కూడా.

"సరే బాబూ," అన్నాను. "ఇక నా నోటికి అడ్డు లేదు మరి. తరువాత బాధపడకూడదు."

"బాధపడను," అన్నాడు.

అల్లుడే అనుమతిచ్చాక ఆగుతానా! ఇన్నేళ్ళుగా మింగినవన్నీ ఆ కుంచె మీద కక్కేశాను. గీరుతోందన్నాను. ఆయన బరువు వెనక్కి జరిపాడు. ఇప్పుడు దోమ వాలినట్టుంది, కొట్టబుద్ధవుతోందన్నాను. ముందుకి తెచ్చాడు. పీట చల్లగా ఉంది, శవానికి చేసినట్టుంది అన్నాను. పీట మీద మెత్తటి దళసరి గుడ్డ అంటించాడు. కుంచె వెంట్రుకలు ముతక అన్నాను. బజారంతా తిరిగి మేక వెంట్రుకల కుంచె పట్టుకొచ్చాడు. అన్నిటికీ "ఊఁ" అనడం, స్క్రూ తిప్పడం. ఒక్కసారి విసుక్కోలేదు. మా అమ్మాయి చూసి, "నాకు చెప్పకుండా అత్తా అల్లుళ్ళు జట్టుకట్టారే," అని మూతి ముడుచుకునేది.

ఒకటి మాత్రం ఎన్ని చేసినా కుదరలేదు. బరువు బాగానే ఉంది, కుంచె బాగానే ఉంది, అయినా ఏదో వెలితి. నా చెయ్యి ముందే బిగుసుకుపోతోంది. కళ్ళు మూసుకుని చూశాను. కుంచె దిగే ముందు లోపల ఎక్కడో టిక్‌మంటోంది. ఆ చప్పుడు వినగానే సూది మందు కోసం చాపిన చెయ్యిలా నా చెయ్యి సిద్ధమైపోతోంది.

"టిక్‌మంటోంది బాబూ. ఇదిగో వస్తున్నా, వస్తున్నా అని బెదిరిస్తోంది," అన్నాను.

ఆయన చెవి పెట్టి విన్నాడు. పళ్ళచక్రాలు రెండు పట్టుకునే చోటు అది. అందంగా తనే కోసిన ఇత్తడి చక్రాలు, వాటిని చూసుకుని మురిసిపోయేవాడు. మారు మాట లేకుండా విప్పి పక్కన పెట్టేసి, వాటి స్థానంలో రబ్బరు బెల్టు వేశాడు.

మర్నాడు సాయంత్రం మళ్ళీ కూర్చున్నాం. బయట పిల్లలు ఆడుకుంటున్నారు. మా అమ్మాయి ఇంకా రాలేదు. మోటారు తిరుగుతున్నట్టే లేదు. కుంచె ఎప్పుడు దిగిందో తెలియలేదు. మోచేతి నుంచి మణికట్టు దాకా మెల్లగా వచ్చింది. లేచింది. మళ్ళీ వచ్చింది.

నా కళ్ళలోంచి నీళ్ళు జలజలా కారిపోయాయి.

అల్లుడు కంగారుపడి మోటారు మీద చెయ్యి వేశాడు. "నొప్పా అత్తయ్యా?"

"కాదు బాబూ. సరిగ్గా ఉంది. అక్కడే ఉంచండి."

ఆయన చెయ్యి తీసేశాడు. నేను ఆపుకోలేక చెప్పేశాను. "మీ మామగారు పోయాక నన్నెవరూ ఇలా ముట్టుకోలేదు బాబూ. ముట్టుకోరని కాదు. రక్తం తీయడానికి నర్సు పట్టుకుంటుంది. రోడ్డు దాటించడానికి అమ్మాయి పట్టుకుంటుంది. అన్నీ పని ఉండి పట్టుకునేవే. ఊరికే, ఏ పనీ లేకుండా ఎవరూ పట్టుకోరు. ఆయన రేడియో వింటూ నా చెయ్యి అలా నిమురుతూ ఉండేవారు. అంతసేపూ నేను ఏదో ఒకటి సణుగుతూనే ఉండేదాన్ని."

అల్లుడు ఏమంటాడు, సైలెన్సర్ కదా. మెషీను మాత్రం ఆపలేదు. చీకటిపడి దీపం వేసేదాకా అది నిమురుతూనే ఉంది, ఆయన ఎదురుగా కూర్చునే ఉన్నాడు. తరువాత సన్నటి ఉలి తీసి, ఇత్తడి బరువు ఉన్న చోట కడ్డీ మీద వెంట్రుకంత గీత గీశాడు.

నెలాఖరు పరీక్షకి నన్నూ తీసుకెళ్ళాడు. పొడుగాటి గది, తెల్లటి గోడలు, వరసగా కుర్చీలు. ఆ సైన్సు అమ్మాయి నన్ను చూడగానే నవ్వి కుర్చీ జరిపింది. పోస్టుమాస్టరుగారు అనుమానంగా చెయ్యి పెట్టారు. ఇన్‌ఛార్జి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా అల్లుడు గోడ దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు, చేతులు జేబుల్లో. నేను నా పమిట కొంగుని ఎన్ని మెలికలు తిప్పానో ఆ దేవుడికే ఎరుక.

కుంచె దిగింది. పోస్టుమాస్టరుగారు ఈసారి చెయ్యి తీయలేదు. కాసేపటికి ఆయన గడ్డం గుండెల మీదికి వాలింది. సన్నగా గురక కూడా వినిపించింది.

ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. తరువాత చిన్న తక్కెడ తెచ్చి కుంచె బరువు మళ్ళీ మళ్ళీ తూచింది. ప్రతిసారీ ఒకటే వచ్చింది. "ఈ బరువు దగ్గర ఎలా ఆగారండీ? దేన్ని చూసి కుదిర్చారు?" అని అడిగింది.

మా అల్లుడు నేల మీంచి చూపు ఎత్తి, "మా అత్తగారిని," అన్నాడు.

గదంతా గొల్లున నవ్వింది. ఇన్‌ఛార్జి కూడా నవ్వాడు. నవ్వుతూనే తన చెయ్యి చొక్కా మడిచి పీట మీద పెట్టి, కాసేపు కదలకుండా కూర్చుని, "రేపు ఆఫీసుకి రండి, పోస్టు కాగితాల మీద సంతకాలు పెట్టాలి," అన్నాడు. ఆ మాట విని నేను ఆ సైన్సు అమ్మాయిని పట్టుకుని ఏడ్చేశాను. పాపం, అంత చదువుకున్న పిల్ల నా వీపు నిమురుతూ నిలబడింది.

మెషీను అక్కడే ఉండిపోయింది. ఉండాలి కూడా, దానికోసమే కదా చేసింది. కానీ ఇంటికొచ్చాక కిటికీ దగ్గర బల్ల బోసిగా కనిపించింది. సాయంత్రమయ్యేసరికి నా చెయ్యి దానంతటదే బల్ల మీదికి వెళ్ళేది. మళ్ళీ తీసేసుకునేదాన్ని. ఎవరితో చెప్పుకుంటాను, మెషీను మీద బెంగ పెట్టుకున్నానని? అల్లుడికి ఉద్యోగం నిలిచింది, గడియారం గోడ మీద ఉంది, అంతకన్నా ఏం కావాలి అని నన్ను నేను కసురుకునేదాన్ని.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం మా అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా పక్కన కూర్చుంది. నా చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమే, ఏమైంది?" అన్నాను.

"ఏమీ లేదు. ఊరికే."

మోచేతి నుంచి మణికట్టు దాకా నిమిరింది. చెయ్యి ఎత్తింది. వెనక్కి తీసుకెళ్ళింది. మళ్ళీ దించింది. నేను ఉలిక్కిపడ్డాను. నా పిల్ల నాకు తెలియదా? దువ్వెన పెడితే జుట్టు ఊడొచ్చేలా లాగే రకం. తలుపు వేస్తే గోడలు అదురుతాయి. అలాంటిది ఈ నెమ్మది దానికెక్కడిది? ఆ వేగం నాకు బాగా తెలుసు. ఆ బరువూ తెలుసు.

"ఎవరు నేర్పారే నీకిది?"

మా అమ్మాయి తల దించుకుంది. ఇంత వయసొచ్చాక దాని మొహం ఎర్రబడటం చూశాను. "మీ అల్లుడే. నా చెయ్యి పట్టుకుని చేసి చూపించారు. నాకు ఇంకా కుదరలేదంటూ రోజూ చూపిస్తూనే ఉన్నారు."

"మరి ఆకురాయి అన్నావు?"

"అన్నానా? ఎప్పుడు?" అంది. తరువాత మెల్లగా, "ఏమీ గీరుకోవట్లేదమ్మా," అంది.

అది మళ్ళీ నిమరడం మొదలుపెట్టింది. పక్కగదిలో పనిముట్లు సర్దుతున్న చప్పుడు ఆగింది.

"అత్తయ్యా," అని వినిపించింది లోపలి నుంచి. "బరువు సరిగ్గా ఉందా?"

"సరిగ్గా ఉంది బాబూ," అన్నాను. "అక్కడే ఉంచండి."